డిగ్రీలో సముద్రజీవుల ప్రాజెక్టు: రాళ్ల తీరమా, హార్బరా, మడ అడవా, హేచరీనా?

బీఎస్సీ జువాలజీ, ఆక్వాకల్చర్, బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ), వీటిలో ఏది చదువుతున్నా, సముద్రం మీద ప్రాజెక్టు అనగానే చాలామంది ధ్యాస అండమాన్ పగడాల మీదికి పోతుంది. మన గుమ్మం ముందు దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది. అందులో రాళ్లున్నాయి, బురద ఉంది, మడ అడవులున్నాయి, రోజూ తెల్లవారకముందే టన్నులకొద్దీ చేప దిగే హార్బర్లున్నాయి. ఏది ఎంచుకోవాలన్నదే చిక్కు. ఆ ఎంపిక ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయో చూసి చేసేది కాదు. ఒకే చోటికి, ఒకే పద్ధతిలో ఎన్నిసార్లు తిరిగి వెళ్లగలరో లెక్కపెట్టుకుని చేసేది.

నెలకోసారి చొప్పున ఐదు నెలలు వెళ్లగలిగితే "కాలంతో పాటు ఏం మారింది" అని అడగొచ్చు. సెలవుల్లో ఒక్క వారమే దొరికేవాళ్లు ఆ ప్రశ్న జోలికి పోకూడదు. "ఈ చోటికీ ఆ చోటికీ తేడా ఏమిటి, పైనున్న రాయికీ కిందున్న రాయికీ తేడా ఏమిటి" అన్నదే వాళ్లకు సరిపోయే ప్రశ్న. ఎక్కువ ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. "రుతువులవారీ వైవిధ్యం" అని శీర్షిక పెట్టి, డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి వెళ్లి రెండు బార్లు గీస్తారు. ఆ తేడా రుతువు వల్ల వచ్చిందో, ఆ రోజు ఆటు (నీళ్లు వెనక్కి తగ్గడం) సరిగ్గా తీయకపోవడం వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

రాళ్ల తీరం: మొదటి ప్రాజెక్టుకు మా ఓటు దీనికే

విశాఖ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు తెన్నేటి పార్కు కింద, రుషికొండ, మంగమారిపేట, భీమిలి వైపు ఖొండలైట్ రాళ్లు నేరుగా అలల్లోకి దిగుతాయి. ఇసుకలో బతికే జీవిని తవ్వి తీయాలి, నీళ్లలోదాన్ని వలతో పట్టాలి. రాయి మీది బార్నకిల్ (గుల్లతో రాయికి అతుక్కుని బతికే జీవి), లింపెట్ (గొడుగులాంటి గుల్లున్న నత్త), ఆల్చిప్ప మాత్రం ఎక్కడికీ పోవు. వచ్చే నెల వెళ్లినా అదే రాయి, అవే జీవులు. చంపకుండా, ఇంటికి తేకుండా లెక్కపెట్టొచ్చు. ఖర్చు కూడా తక్కువే.

తుంపర మాత్రమే తగిలే పైవరసలో గోధుమగింజ పరిమాణంలో లిటోరినిడ్ నత్తలు పగుళ్లలో గుంపులుగా ఉంటాయి. మధ్యవరసలో బార్నకిల్స్, సాకోస్ట్రియా ఆల్చిప్పలు, సెల్లానా లింపెట్లు. కిందివరసలో ఉల్వా, కీటోమార్ఫా, గ్రాసిలేరియా, పడీనా వంటి నాచులు, వాటి మధ్య సీ అనిమోన్లు. ఈ మూడు వరసల మధ్య తేడా కంటికే కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు కూడా ఫలితం స్పష్టంగా వస్తుంది.

ఇక కాలం సంగతి. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్ల మధ్య ఎత్తు తేడా సుమారు 1.4 మీటర్లు. అష్టమి దరిదాపుల్లో అది అర మీటరుకు పడిపోతుంది, కిందివరస అసలు బయటపడదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు ఆటు బాగా తీస్తుంది. ఆ మూడు నాలుగు రోజులే మీవి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఆటుపోట్లతో సంబంధం లేకుండా మన తీరంలో సముద్రపు సగటు మట్టమే ఏడాదిలో పెరిగి తగ్గుతుంది. అక్టోబరు, నవంబరుల్లో ఎత్తుగా ఉంటుంది, మార్చి, ఏప్రిల్‌లో బాగా దిగుతుంది. నవంబరు పౌర్ణమికి మునిగే ఉన్న రాయి మార్చి పౌర్ణమికి పొడిగా కనిపించవచ్చు. జూన్ నుంచి నైరుతి అలలు, అక్టోబరు నుంచి తుపాన్లు. అందుకే రాళ్ల మీద పనికి డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా ఉన్న కాలమే సరైనది. అది ఆరో సెమిస్టర్‌తో కలిసిరావడం అదృష్టం. పోటు పట్టికలు సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో ఆటుపోట్ల అంచనాతో పాటు అలల ఎత్తు అంచనా కూడా ఉంటుంది. రెండూ చూడండి. ఆటు బాగున్నా అల పెద్దదైతే ఆ రోజు మానుకోవాల్సిందే.

రాయి మీద పెట్టి అందులోని జీవుల్ని లెక్కపెట్టే చదరపు చట్రం (క్వాడ్రాట్) మీరే చేసుకోవచ్చు. అర అంగుళం పీవీసీ పైపు, నాలుగు ఎల్బోలు, లోపలి కొలత 50 సెంటీమీటర్లు వచ్చేలా కోసి అతికించండి. పైపులకు నాలుగైదు రంధ్రాలు వేస్తే నీళ్లు నిండి అలకు తేలిపోదు. అటు పది, ఇటు పది నైలాన్ దారాలు సమాన దూరంలో కడితే వంద కూడళ్లు వస్తాయి. ప్రతి కూడలి కింద ఏముందో రాస్తే అదే శాతం. కంటితో "ముప్పై శాతం ఉల్వా" అని అంచనా వేసే పద్ధతి వేగంగా సాగుతుంది కానీ, ఇద్దరు చూస్తే రెండు అంకెలొస్తాయి. నత్తలు, లింపెట్లు మాత్రం తలలు లెక్కపెట్టాలి, శాతం కాదు.

ఎన్ని చట్రాలు? ఆటు పూర్తిగా తీసే సమయానికి గంటన్నర ముందు మొదలుపెట్టి, తర్వాత ఒక గంట దాకా పని చేయొచ్చు. అంటే 150 నిమిషాలు. ఒకరు చదవడం, ఒకరు రాయడం, తర్వాతి చోటికి జరగడం కలిపి చట్రానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. పద్దెనిమిది వస్తాయి. మూడు వరసలు, వరసకు ఆరు. "వరసకు పది వేస్తాం" అని ప్లాన్ రాసుకున్నవాళ్లు చివరి వరసను హడావుడిగా ముగించి, ఆ వరసలోనే జాతులు తక్కువని తేల్చేస్తారు. మధ్యవరసతో మొదలుపెట్టండి. ఆటు తీసే వేళకు కిందివరసకు దిగండి. నీళ్లు తిరిగి ఎక్కుతుంటే పైవరస చేయండి. రెండో చోటు మరునాటికి ఉంచుకోండి, ఆటు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇలా రెండు చోట్లు, నెలకోసారి, ఐదు నెలలు అంటే 180 చట్రాలు. డిగ్రీ ప్రాజెక్టుకు అది గట్టి డేటా.

చట్రం ఎక్కడ పడాలో మీ కన్ను నిర్ణయించకూడదు. నీటి అంచుకు సమాంతరంగా 30 మీటర్ల టేపు పరిచి, ఫోన్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు తీసి, ఆ మీటరు గుర్తు దగ్గరే పెట్టండి. బోసి రాయి వచ్చినా సరే, సున్నా కూడా డేటాయే. ఒకే రాయి మీద ఆరు చట్రాలు వేసి "ఆరు నమూనాలు" అనడం కూడా తప్పే, అది ఒక్క రాయిని ఆరుసార్లు కొలవడం. ప్రతి చట్రాన్నీ నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి. ఎండ మెరుపు పడకుండా ఇంకొకరు గొడుగు పట్టాలి. తర్వాత ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు.

జాతి పేరు తెలియనప్పుడు బలవంతంగా అంటించొద్దు. "ఎకినోలిటోరినా జాతులు", "కురచ నాచు తివాచీ", "సున్నపు ఎర్రనాచు" అని గుంపులుగా రాసినా పరీక్షకులు ఒప్పుకుంటారు. గూగుల్ బొమ్మతో పోల్చి కరీబియన్ జాతి పేరు రాస్తే మాత్రం వైవా అక్కడితో ముగుస్తుంది.

కాళ్లకు మందపాటి అడుగున్న పాత కాన్వాస్ బూట్లు వేసుకోండి, చెప్పులు పనికిరావు. ఉల్వా మీద కాలు పెడితే జారుతుంది, బార్నకిల్ మీద చెయ్యి పడితే కోసుకుపోతుంది. ఆ గాయాన్ని మంచినీళ్లతో వెంటనే కడగాలి, ఎర్రబడి వాస్తే డాక్టరుకు సముద్రపు నీళ్లలో కోసుకున్నదని చెప్పాలి. ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టి వంగొద్దు. ఇద్దరు పని చేస్తుంటే మూడోవారి పని అలల్ని చూడటమే.

హార్బరు: ఆటుపోట్లతో పని లేదు, వేకువజామునే లేవగలిగితే చాలు

రాళ్లు లేని జిల్లాలవాళ్లకు ఇది బంగారం. కాకినాడ, మచిలీపట్నం గిలకలదిండి, నిజాంపట్నం, విశాఖ హార్బర్లలో తెల్లవారుజామున వేలం దగ్గర ఒక గంట నిలబడితే, డైవింగ్‌లో ఏడాదంతా కనిపించనన్ని జాతులు కనిపిస్తాయి. పాట్రిక్ రస్సెల్ విశాఖ తీరంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు 1803లో అచ్చయ్యాయి. మన చేపల శాస్త్రీయ అధ్యయనం మొదటి నుంచీ మత్స్యకారుల గంపల దగ్గరే సాగింది.

రాళ్ల తీరంలో ప్రశ్న "ఎన్ని ఉన్నాయి" అయితే, ఇక్కడ ప్రశ్న "ఎలా పెరుగుతోంది, ఎప్పుడు గుడ్లు పెడుతోంది, ఏం తింటోంది". ఒక్క జాతిని ఎంచుకుని పొడవు, బరువు, లింగం, గొనాడ్ (గుడ్లు లేదా వీర్యం తయారయ్యే గ్రంథి) దశ, పొట్టలో ఏముంది అన్నవి చూడాలి. జాతిని ఎంచుకునేటప్పుడు జేబు చూసుకోండి. ఇరవై సెంటీమీటర్ల కానాగడతలు యాభై అంటే నాలుగు కిలోల పైమాటే. పదిహేను సెంటీమీటర్ల కవళ్లు యాభై అయితే ఒకటిన్నర, రెండు కిలోలు. వంజరం, చందువ మీద ప్రాజెక్టు అంటే ప్రతి వారం చేపలకే జీతం కావాలి. నెత్తళ్లు చవకే కానీ పొట్ట కోసి చూడటానికి కొత్త చేతులకు మరీ చిన్నవి.

పొడవు కొలిచే పలక కింద గట్టిగా ఒక చెక్క అడ్డు ఉండాలి. మూతి దానికి ఆనించి, తోకను సర్ది, మిల్లీమీటరు దాకా చదవాలి. మొత్తం పొడవా, తోక చీలిక దాకానా అన్నది మొదటి రోజే తేల్చుకుని చివరిదాకా మార్చొద్దు. బరువు 0.1 గ్రాము దాకా చూపే తూకంలో, ఒంటి మీది తడి తుడిచాక. పొడవు, బరువుల సమీకరణంలో ఘాతాంకం సాధారణంగా 3 దగ్గర ఉంటుంది. మీకు 2.2 వచ్చిందంటే చేపలో కొత్త సంగతి దొరికిందని సంబరపడకండి. మీ నమూనాలన్నీ 14 నుంచి 16 సెంటీమీటర్ల మధ్యే ఉండి ఉంటాయి. చిన్నవీ పెద్దవీ కలవకపోతే ఆ గీత నిలవదు.

హార్బరు డేటా చెడేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, వేలానికి ముందే చేపను సైజులుగా విడదీస్తారు. విడదీసిన గుట్ట నుంచి యాభై తీసుకుంటే మీ పట్టికలో కనిపించేది వ్యాపారి ఎంపిక, సముద్రంలోని గుంపు కాదు. విడదీయకముందే ఒక గంప మొత్తం కొనండి. రెండు, ఐస్. మరబోటు వారం పైగా సముద్రంలో ఉండి వస్తే అడుగున ఉన్న చేప నలిగి, గొనాడ్ మెత్తబడి, పొట్టలోది జీర్ణమైపోయి ఉంటుంది. ఆహారం మీద ప్రాజెక్టు అయితే అదే రోజు వెళ్లి వచ్చే ఫైబర్ బోట్ల చేపే తీసుకోండి. ఏ బోటు, ఏ వల, దాని కన్ను సైజు ఎంత, ఎన్ని బారల లోతు, ఎన్ని రోజుల వేట, ఈ ఐదూ అడిగి రాయని నమూనా సగం నమూనాయే. వేలం జరుగుతుండగా అడగొద్దు. బేరం అయ్యాక "అన్నా, ఏ వల?" అంటే ఇష్టంగా చెబుతారు. చేపలమ్మే అమ్మల్ని ఊరి పేర్లు అడిగి ముందు అవే రాసుకోండి, శాస్త్రీయ నామం గదికొచ్చాక చూడొచ్చు.

తేదీల ఉచ్చు ఒకటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. వేసవి సెలవుల్లో హార్బరు ప్రాజెక్టు పెట్టుకున్నవాళ్లు అక్కడికెళ్లి కట్టేసిన బోట్లు చూసి వెనక్కొస్తారు. అప్పుడు కావాలంటే మోటారు లేని తెప్పలు దిగే పల్లె రేవులే గతి. లేదా పనిని జూలైకీ మార్చికీ మధ్య పెట్టుకోవాలి.

జెల్ల ముల్లు, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 40 నుంచి 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. తర్వాత ఆసుపత్రి. వలలో వచ్చిన సముద్రపు పాము చచ్చినట్టున్నా ముట్టుకోవద్దు.

మడ అడవి: చాలా ఇస్తుంది, చాలా అడుగుతుంది

కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యం కాబట్టి చదువు కోసం లోపలికి వెళ్లాలన్నా 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 28 కింద అనుమతి కావాలి. ప్రిన్సిపాల్ ఉత్తరం, గైడ్ సంతకం, పద్ధతి, తేదీలు, ఎవరెవరు వస్తారు, ఏదైనా సేకరిస్తారా అన్నవన్నీ ఒకే దరఖాస్తులో పెట్టి కనీసం రెండు నెలల ముందు అటవీశాఖకు ఇవ్వండి. "సేకరణ లేదు, లెక్కింపు మాత్రమే" అని రాయగలిగితే పని తేలికవుతుంది. అందుకే ఇక్కడ చెట్ల కొలతలు, పీత బొరియల లెక్క వంటి ప్రాజెక్టులు మంచివి.

చెట్లకు 10 మీటర్లు × 10 మీటర్ల ప్లాట్లు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున చుట్టుకొలత. రైజోఫోరాకు మాత్రం ఊతవేళ్లు ఎక్కడ ఆగుతాయో ఆ పైన 30 సెంటీమీటర్ల దగ్గర కొలవాలి. ఈ ఒక్క తేడా మరిచిపోతే ఆ జాతి అంకెలన్నీ తప్పే. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే పాలు కారతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కళ్లద్దాలు పెట్టుకోండి. బురద మోకాలు దాటుతుంది, వంద మీటర్ల నడకకు పావుగంట వేసుకోండి. ఇలాంటి చోట సందర్శకుల చెక్కబాట పక్కన మాత్రమే ప్లాట్లు వేసి "కోరింగ మడ అడవులు" అని శీర్షిక పెట్టడం చూస్తుంటాం. అది బాట పక్క అడవి, మనుషుల అలికిడి ఉన్న అడవి. ఆ మాటే శీర్షికలో పెడితే తప్పేమీ లేదు.

ఫిడ్లర్ పీతల బొరియలు లెక్కపెట్టేవాళ్లు మీటరు చట్రం పెట్టి పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. పీతలు బయటికొచ్చాక కనిపించినవి ఒక అంకె, బొరియలు ఇంకో అంకె. రెండూ సమానం కావు. కొన్ని బొరియలు ఖాళీ, కొన్నింటికి రెండు ద్వారాలు. బురదలోని పురుగుల కోసమైతే 10 సెంటీమీటర్ల వ్యాసం పైపును 20 సెంటీమీటర్లు దించి తీసి, అర మిల్లీమీటరు జల్లెడ పట్టాలి. ఒక్క పైపు మట్టి జల్లించి, ఏరి, గుర్తించడానికి ల్యాబ్‌లో ఒక పూట పడుతుంది. ఇరవై పైపులు తెచ్చేముందు ఇరవై పూటలు ఉన్నాయా చూసుకోండి. గోదావరి వరద వచ్చే జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉప్పదనం పడిపోతుంది. ఉప్పదనం మీద ప్రశ్న వేసేవాళ్లకు అదే అసలు కాలం, మిగతావాళ్లకు అదే పెద్ద అడ్డంకి.

ముగ్గురి కంటే తక్కువ జట్టుకూ, ఒక్క సెమిస్టరే ఉన్నవాళ్లకూ మడ అడవిని మేము సిఫారసు చేయం.

హేచరీ: ఫీల్డ్ కాదు గానీ

భీమిలి, భోగాపురం నుంచి నెల్లూరు దాకా తీరమంతా రొయ్య హేచరీలే (రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రాలు). ఇంటర్న్‌షిప్ తప్పనిసరైన డిగ్రీ విద్యార్థులు చాలామంది అక్కడికే వెళ్తారు. ఉద్యోగం కావాలంటే సూటి దారి ఇదే, దాచేదేమీ లేదు. వన్నామీ రొయ్య గుడ్డు నుంచి పోస్ట్ లార్వా (డింభక దశలు దాటిన పిల్ల) దాకా పది పన్నెండు రోజుల్లో నాప్లియస్ ఆరు ఉపదశలు, జోయియా మూడు, మైసిస్ మూడు కళ్లముందే గడుస్తాయి. డింభకాల రూపాంతరాన్ని ఇంత శుభ్రంగా చూపే చోటు ఇంకొకటి లేదు. డింభకాల మేత కోసం కీటోసెరస్ అనే సూక్ష్మ నాచు పెంపకం, ఆర్టీమియా అనే చిట్టి జీవిని పొదిగించడం, లీటరు బీకరుతో తొట్టిలో ఐదు చోట్ల తీసి బతికిన శాతం లెక్కకట్టడం, ఇవన్నీ చేతికి వస్తాయి.

నష్టాలూ ఉన్నాయి. తొట్టి వాళ్లది, నిర్ణయం వాళ్లది. "ఈ తొట్టికి మేత తగ్గించి చూస్తా" అంటే ఎవరూ ఒప్పుకోరు. అంకెలు రిపోర్టులో రాయొచ్చా అని చేరకముందే ఉత్తరంగా అడగండి, చివర్లో కాదనిపించుకుంటే చేతిలో ఏమీ మిగలదు. తెల్లమచ్చ వైరస్ భయంతో హార్బరు నుంచో, చెరువు గట్టు నుంచో నేరుగా వచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. కాబట్టి పొద్దున హార్బరు, మధ్యాహ్నం హేచరీ అనే ప్లాన్ కుదరదు.

డైవింగ్, ప్లాంక్టన్, తాబేళ్లు

ఓపెన్ వాటర్ కోర్సు మూడు నాలుగు రోజులు, నాలుగు డైవ్‌లు, 18 మీటర్ల పరిమితి. నేర్చుకోవడం మంచిదే, డేటాకు మాత్రం పనికిరాదు. కొత్తగా దిగినవాళ్లకు నీళ్లలో ఒకే ఎత్తున నిలవడమే పెద్ద పని, పలక మీద రాస్తూ నిలవడం ఇంకా రాదు. కాళ్లకు తొడిగిన ఫిన్ తగిలి పగడం విరుగుతుంది, కొలత తప్పుతుంది. అండమాన్ వెళ్లే అవకాశం వస్తే షహీద్ ద్వీప్‌లో ఆటు తీసినప్పుడు బయటపడే పగడపు తిన్నెల మీద, ఇసుక దారుల్లోనే నడుస్తూ, గుంటల్లోని జీవుల్ని ఫొటో చట్రాలతో లెక్కపెట్టండి. రాళ్ల తీరంలో నేర్చుకున్న పద్ధతే అక్కడా పనికొస్తుంది. చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దు, తిరుగు టికెట్ దానికి తగ్గట్టు తీసుకోండి.

ప్లాంక్టన్‌కు, అంటే నీళ్లలో తేలుతూ కొట్టుకుపోయే చిన్న జీవులకు, ఫైబర్ బోటు, 200 మైక్రాన్ల వల చాలు. అర మీటరు మూతి వలను గంటకు ఒకటిన్నర నాటికల్ మైళ్ల వేగంతో ఐదు నిమిషాలు లాగితే సుమారు 45 ఘనమీటర్ల నీళ్లు వడకడతాయి. ఫ్లోమీటరు (వలలోంచి పోయిన నీటిని కొలిచే సాధనం) లేకుండా ఈ అంకె వేస్తే అది అంచనా అని రాయండి. జెల్లీలు, డయాటమ్‌లు ఎక్కువున్న రోజు వల మూసుకుపోయి అందులో సగం కూడా వడకట్టదు.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శీతాకాలం నుంచి గుడ్లు పెట్టే తీరాల్లో అటవీశాఖ గుడ్ల రక్షణ కేంద్రాలున్నాయి. వాటిలో స్వచ్ఛందంగా పనిచేయొచ్చు. గుడ్డును మీరు ముట్టుకునే ప్రాజెక్టు మాత్రం రాయకండి, అనుమతి రాదు. ఇసుక ఉష్ణోగ్రత, పొదిగిన రోజులు, పిల్లలు బయటికొచ్చిన శాతం వంటివి కేంద్రం రిజిస్టరు నుంచి తీసుకోవచ్చు.

ఎక్కడికెళ్లినా మెడకు చుట్టుకునేవి రెండు

ఫార్మలిన్ లెక్క మొదటిది. సీసాలో కొన్న ఫార్మలిన్‌లో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం ఉంటుంది. అందులో ఒక వంతుకు తొమ్మిది వంతుల సముద్రపు నీళ్లు కలిపితే 4 శాతం ఫార్మాల్డిహైడ్. చాలామంది వంద మిల్లీలీటర్లకు నాలుగు మిల్లీలీటర్ల ఫార్మలిన్ పోసి "4 శాతం" అని లేబుల్ రాస్తారు. అసలు బలం ఒకటిన్నర శాతమే కాబట్టి మెత్తని జీవులు కుళ్లడం మొదలవుతుంది. బోరాక్స్ వేయకపోతే ఆమ్లం పెరిగి గుల్లలు కరుగుతాయి. డీఎన్‌ఏ పని చేసే ఆలోచన ఉంటే ఫార్మలిన్ జోలికే పోవద్దు, 95 శాతం ఆల్కహాల్ వాడండి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి, బయటి స్కెచ్ పెన్ను గీత ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది.

రెండోది చట్టం. పగడాలు, సముద్రపు దోసకాయలు, సముద్రగుర్రాలు, తాబేళ్లు, తిమింగిల సొర, రంపపు సొర వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవులు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన సముద్రగుర్రాన్ని సీసాలో పెట్టి కాలేజీ మ్యూజియానికి ఇవ్వడం కూడా చిక్కే. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, తేదీ, చోటు రాసుకోండి, అంతే.

ఎవరికి ఏది

విశాఖ, భీమిలి ప్రాంతంలో ఉండి డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నెలకు రెండు రోజులు కేటాయించగలిగితే రాళ్ల తీరం తప్ప ఇంకొకటి ఆలోచించకండి. బాపట్ల, కృష్ణా, ప్రకాశం తీరంలో ఇసుక, బురదే కాబట్టి హార్బరు. కాకినాడలో ఉండి, గైడ్‌కు అటవీశాఖతో పూర్వపరిచయం ఉండి, ఏడాది సమయం ఉంటే మడ అడవి. పీజీ ఆలోచన లేకుండా ఉద్యోగంలోకి వెళ్లాలనుకునేవాళ్లకు హేచరీ. పీజీకి వెళ్లేవాళ్లు హేచరీ ఇంటర్న్‌షిప్ చేసినా, ప్రాజెక్టు మాత్రం సొంత అంకెలు వచ్చే చోటే పెట్టుకోవాలి. ఇంటర్వ్యూలో ముందు అడిగేది "నమూనా ఎలా తీశావు" అనే. ఇంకా ఇంటర్‌లోనే ఉండి కోర్సు తేల్చుకోనివాళ్లకు ఒక మాట. బైపీసీ ర్యాంకుతో వచ్చే నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ, నెల్లూరు జిల్లా ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివేలాంటిది, చేపల పెంపకం, వేట, ప్రాసెసింగ్ వైపు లాగుతుంది. సముద్రజీవుల స్వభావం మీదే ఆసక్తి ఉంటే బీఎస్సీ జువాలజీ చదివి పీజీలో మెరైన్ బయాలజీకి వెళ్లడం మెరుగు.

తెలంగాణ విద్యార్థుల పరిస్థితి వేరు. హైదరాబాద్ నుంచి ప్రతి నెలా రావడం కుదరదు, కుదిరినా మూడో నెలకు ఆగిపోతుంది. వాళ్లు ఫిబ్రవరి లేదా మార్చిలో ఒక పౌర్ణమిని ఎంచుకుని, ఆ మరునాటి నుంచి నాలుగు రోజులు విశాఖలో ఉండేలా రైలు టికెట్లు తీసుకోవాలి. నాలుగు పగటి ఆట్లు, నాలుగు చోట్లు, చోటుకు పద్దెనిమిది చట్రాలు, మొత్తం 72. పట్టికలో ఆటు వేళ చీకట్లో పడుతోందా అన్నది టికెట్ తీయకముందే చూడాలి. నాలుగు చోట్లలో రెండు జనం తొక్కేవి, రెండు జనం వెళ్లనివి ఉంటే ప్రశ్న దానంతటదే కుదురుతుంది. చట్రం పట్టుకుని లెక్కపెట్టడం బయల్దేరేముందే కాలేజీ గోడ మీది నాచు మీదో, చెరువు గట్టు రాళ్ల మీదో ఇద్దరూ విడివిడిగా చేసి, అంకెలు పోల్చుకోండి. పది శాతం కంటే ఎక్కువ తేడా వస్తుంటే ఇంకో వారం అదే సాధన చేసి అప్పుడు రైలెక్కండి.